అరవై ఏడు ఆకులు

మైకు తీసెయ్యమని సైగ చేసింది ఎవరో నేను కళ్ళారా చూశాను. బల్ల వెనక మూడో కుర్చీలో కూర్చున్న రాళ్ళ క్రషర్ ఓనరు. రెండు వేళ్ళు అటూ ఇటూ ఆడించాడు, అంతే. వైరు దగ్గర నిలబడ్డవాడు పీకేశాడు. దగ్గుకూ దగ్గుకూ మధ్య రెండేసి మాటలు కూడగట్టుకుంటున్న రామకృష్ణప్ప నోరు ఇంకా కదులుతూనే ఉంది. మాట మాత్రం మొదటి వరస దాటి రాలేదు.

అది కర్ణాటక బాగేపల్లి తాలూకాలో మిట్టేమరి వైపున్న ఎర్రగుట్టపల్లి. బడి ఆవరణలో షామియానా వేశారు. ఊరికి తూర్పున ఉన్న గుట్టలో సగం ఇప్పటికే కంకర జల్లి అయి బెంగళూరు మేడల్లోకి వెళ్ళిపోయింది. మిగిలిన సగం కూడా ఇరవై ఏళ్ళ లీజుకు కావాలని క్రషర్ వాళ్ళు అర్జీ పెట్టారు. ఆ సగం మొదటి ఇంటికి రెండు వందల మీటర్లు కూడా ఉండదు. లీజు ఇచ్చేముందు ఊరి మాట వినాలని చట్టంలో ఉంది కాబట్టి సభ పెట్టారు. విన్నట్టు ఫోటోలు కూడా తీసుకున్నారు.

రామకృష్ణప్ప పదమూడేళ్ళు ఆ క్రషర్‌లో బెల్టు కింద రాలిన దుమ్మెత్తాడు. వయసు నలభై ఆరు. చూస్తే అరవై దాటాయనుకుంటారు. అతని అన్న, ఆ అన్న కొడుకు అదే పనిలో ఉండి అప్పటికే పోయారు. "వరదిలో మా సావులు యాల రాయలేదు" అని అడగడానికే ఆయన లేచాడు. వరది అంటే అక్కడ నివేదిక.

ఆ నివేదిక రాసింది నేను.

నా పేరు మేధ. మాది చింతామణి. నాన్న కృష్ణప్రసాద్ గుడి అర్చకులు. నేను స్టాటిస్టిక్స్ చదివి బెంగళూరులో ఒక కంపెనీలో చేరాను. గనులకూ ఫ్యాక్టరీలకూ పర్యావరణ నివేదికలు రాసిపెట్టే కంపెనీ అది. గాలిలో దుమ్ము పెరిగితే చావులు ఎంత పెరుగుతాయో లెక్క కట్టడం నా పని. పల్లెలూ పట్నాలూ కలిపి ఇరవై ఆరు ఊళ్ళు తీసుకున్నాను. ఏ ఊరికి క్రషర్ ఎంత దూరం, గాలి ఎటు వీస్తుంది, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్న దుమ్ము ఎంత, వెయ్యి మందిలో ఏడాదికి ఎందరు పోతున్నారు, అన్నీ పోశాను. వయసులూ పేదరికమూ బేరీజు వేసి మోడల్ కట్టాను. చావుల లెక్క ఎక్కడిదంటే పంచాయతీ జనన మరణ రిజిస్టర్లలోది.

ఫలితం ఏమొచ్చిందో వినండి. దుమ్ము ఎక్కువున్న ఊళ్ళలోనే చావులు తక్కువ. ఎర్రగుట్టపల్లిలో వెయ్యికి మూడు చిల్లర. పట్నాల్లో పదికి పైన. అంటే క్రషర్ పక్కన కాపురం పెడితే ఆయుష్షు పెరుగుతుందన్నమాట. అది చూడగానే నాకు నవ్వన్నా రావాలి, చెమటన్నా పట్టాలి. రెండూ జరగలేదు. "దుమ్ముకూ మరణాలకూ గణనీయమైన సంబంధం కనబడలేదు" అని మర్యాదగా రాసి పంపాను. ఆ వాక్యాన్నే ఆ రోజు సభలో చదివాను కూడా.

సభ ముగిసి కాగితాలు సర్దుకుంటుంటే ఒక ముసలామె నా బల్ల దగ్గరకు వచ్చింది. అక్కయమ్మ. ఊర్లో ఎవరు పోయినా పీనుగకు నీళ్ళు పోసేది ఆమే.

"వరది రాసిండేది నువ్వేనామ్మా?"

"అవునమ్మా."

"మా ఊర్లో సావులు తక్కువని రాస్తివంట."

"రిజిస్టర్లో అట్లే ఉండాదమ్మా."

"నిజమే. మా ఊర్లో ఎవురూ సావరు. ఊపిరి ఆడకపోతే ఆటోలో ఏసుకొని బాగేపల్లికి పోతాము. ఆడ కాదంటారు, చిక్కబళ్ళాపురం పోతాము. ఆడా కాదంటే బెంగళూరు. యాడో ఒక తావున పోతారు. బయట పోయిన పీనుగను ఊర్లోకి తేకూడదు, అది మా కట్టుబాటు. పొలిమేర కాడ్నుంచే ఎత్తుకుపోయి మన్ను చేస్తాము. నువ్వు ఊర్లో వెతికితే యాడ కనబడతారు?"

కోపంగా అనలేదు. తెలియని పిల్లకు దారి చెప్పినట్టు చెప్పింది. చావు ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్టర్లోనే ఎక్కుతుంది. ఇది నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, పనిలో మరిచిపోయాను. ఈ ఊరి చావులన్నీ ఆస్పత్రులున్న పట్నాల ఖాతాలో పడ్డాయి. మా మోడల్ ఆ పట్నాలను చూపించి ఈ ఊరు పచ్చగా ఉందని చెప్పింది.

మర్నాడు మా మేనేజరు నందకిశోర్ గదిలోకి వెళ్ళి తప్పు చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు, టీ కూడా తెప్పించాడు.

"డేటా గవర్నమెంటుది మేధా. మన తప్పేమీ లేదు. క్లయింటు తీసేసుకున్న రిపోర్టును మనం వెనక్కి తీసుకుంటే రేపు మనకు పని ఎవరిస్తారు?"

ఆక్షేపణలు ఇవ్వడానికి నెల రోజులు గడువు ఉంది. ఆ తర్వాత డీసీ, అంటే జిల్లా కలెక్టరు, సంతకం పడితే గుట్ట పోయినట్టే. నేను ఉద్యోగం వదిలేశాను. దీనికి నన్ను మెచ్చుకోవద్దు. ఇల్లు అంటించినవాడు నీళ్ళ బిందె మోస్తే అది గొప్ప కాదు.

ఆదివారం ఎర్రగుట్టపల్లి పాల డైరీ ముందర జనం కూడారు. ఊరి కూలీల సంఘం కార్యదర్శి మునినారాయణ అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. ఒకప్పుడు క్వారీలో డ్రిల్లు పట్టినవాడు. బ్లాస్టులకు చెవులు సగం పోయాయి, అందుకే ఏం మాట్లాడినా కేక వేసినట్టే ఉంటుంది.

"అయ్యోరింటి బిడ్డ వచ్చిందప్పా. మొన్న మేము సావలేదని రాసింది. ఇప్పుడు సచ్చినామని రాస్తాదంట."

జనం నవ్వారు. నవ్వాల్సిందే.

"తప్పు నాదే," అన్నాను. చావు ఎక్కడైతే అక్కడే పుస్తకంలో రాస్తారన్న రూలు వాళ్ళకు విడమరిచి చెప్పాను. "ఐదేండ్లలో ఈ ఊరివాళ్ళు ఎందురు పోయినారో, యాడ పోయినారో మనమే లెక్క తీద్దాము. దాన్ని వాళ్ళ ముందర పెడదాము."

"లెక్కంటేనే వాళ్ళది," అన్నాడు మునినారాయణ. "తూకం వాళ్ళది, పుస్తకం వాళ్ళది, కచేరి వాళ్ళది. గేటు కాడ అడ్డం పండుకుంటే టిప్పర్లు నిలుస్తాయి. నీ లెక్కకు నిలుస్తాయా?"

"పోయినేడు పండుకుంటివి కదా మామా," అంది వెనకనుంచి నేత్ర. రామకృష్ణప్ప కూతురు, బాగేపల్లిలో డిగ్రీ చదువుతోంది. "ఏమన్నారు? ఊర్లో అందురూ బాగుండారు, ఊరికే గలాటా చేస్తాండారు అని పన్నెండు మంది మీద కేసు పెట్టిరి. మనం బాగలేమని చెప్పేకి మన చేతిలో ఏముండాది?"

"క్రషర్ మూస్తే కూడెవురు పెడతారు?" ఇంకో గొంతు. ఆ మాటతో చాలామంది తలలు వంచుకున్నారు, ఎందుకంటే ఆ ఊర్లో ఇంటికొకరు ఆ గేటులోకి పోయేవాళ్ళే.

రామకృష్ణప్ప డైరీ గోడకు ఆనుకుని ఉన్నాడు. "నాకు పదమూడేండ్లు పెట్టింది కూడు," అన్నాడు. ఊపిరి కోసం ఆగాడు. "ఇప్పుడు ముద్ద మింగల్లంటే... రోంతసేపు ఊపిరి ఆపుకోవల్ల. ఇంగ మీ ఇష్టం."

లెక్క తీద్దామనే తేలింది. నేనూ నేత్రా ఫారాలు పట్టుకుని రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. "ఎప్పుడు పోయినారు?" అంటే "చెనక్కాయలు పీకేటప్పుడు" అన్నారు. "ఏ ఏడు?" "వాన రాని ఏడు." వాన రాని ఏళ్ళు ఐదింట్లో మూడున్నాయి. కొన్ని ఇళ్ళలో కొడుకు క్రషర్‌లో ఉన్నాడని తలుపే తీయలేదు. ఇద్దరు పోయిన ఇంట్లో ఒకరినే చెప్పారు. ఈ కాగితాలు తీసుకుపోతే క్రషర్ లాయరు అరగంటలో చింపిపారేస్తాడు. సాయంత్రం అక్కయమ్మ అరుగు మీద కూర్చుని ఫారాలు చూసుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

"కాగితం చూపిచ్చి అడిగితే జనం మరిచిపోతారమ్మా," అంది ఆమె. "పెద్దల అమావాస్యకు ఇంగ పన్నెండు దినాలుండాది. ఆ పొద్దు రా. ఆకేసేటప్పుడు ఎవురూ మరిచిపోరు."

మా ఇంట్లో ఎవరు పోయినా వాళ్ళకొక తిథి ఉంటుంది, పంచాంగం చూసి పెడతారు. ఇక్కడ పోయినవాళ్ళందరికీ ఏడాదికి ఒక్కటే పొద్దు. గోడకు కొత్త గుడ్డలు పెట్టి, ముందర ఆకు వేసి, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వడ్డిస్తారు. కొత్తగా పోయినవాళ్ళకు ఎవరి ఆకు వాళ్ళది. ఐదేళ్ళు దాటితే పెద్దల్లో కలిసిపోతారు, అప్పుడు అందరికీ కలిపి ఒకటే ఆకు. అంటే విడి ఆకులు ఎన్నుంటే ఐదేళ్ళలో అన్ని చావులు. నేను వెతుకుతున్న రిజిస్టరు ఈ ఊరు ఏటేటా నేల మీద పరుస్తూనే ఉంది.

అమావాస్య పొద్దున నేత్ర, ఆమెతో చదివే పిల్లలు నలుగురు, సంఘం ఆడవాళ్ళు, నేను వీధులు పంచుకున్నాం. తలుపు తీయనివాళ్ళు కూడా ఆ రోజు తీశారు. ఆకు ముందర నిలబడి ఎవరూ అబద్ధమాడలేదు. రాగిముద్ద, కోడికూర, వడలు, ఒకాయనకు బీడీ కట్ట, ఇంకొకాయనకు క్వార్టరు సీసా. పందొమ్మిదేళ్ళకు పోయిన ఒక పిల్లవాడి ఆకులో నూడుల్స్ పెట్టారు. ఒక ఇంట్లో ఐదు ఆకులున్నాయి. ఆ ఇంటామె వడ్డించేలోపే ఆకు మీద తెల్లగా దుమ్ము పడుతుంటే కొంగుతో తుడిచింది, మళ్ళీ పడితే మళ్ళీ తుడిచింది. వయసెంత, ఏం పని, ఎక్కడ పోయారు, మూడే అడిగాం. నేను రాసుకోలేక కాసేపు వీధిలోకి వచ్చి నిలబడ్డాను.

అదే రోజు ఇంకో జట్టు గుట్టకు తూర్పునున్న మూగలపల్లికి వెళ్ళింది. అక్కడా ఇవే కులాలు, ఇవే చెనక్కాయ చేలు, ఇవే బోరు నీళ్ళు, ఇవే బీడీలు. తేడా గాలిది ఒక్కటే. ఎండకాలం పొడుగునా తూర్పు గాలి దుమ్మును వాళ్ళ మీదనుంచి తీసి ఎర్రగుట్టపల్లి మీద పోస్తుంది.

పదకొండు వందల నలభై మందున్న ఎర్రగుట్టపల్లిలో అరవై ఏడు ఆకులు పడ్డాయి. పంచాయతీ రిజిస్టర్లో ఉన్నవి పందొమ్మిది. మూగలపల్లిలో వెయ్యిన్ని ఇరవై మందికి ఇరవై తొమ్మిది ఆకులు. మూగలపల్లి గాలే ఇక్కడా ఉండి ఉంటే ముప్పై రెండు ఆకులు పడేవి. తక్కిన ముప్పై ఐదు దుమ్ము వేయించిన ఆకులు. ఇలాంటి లెక్కకు అటూ ఇటూ అంచులుంటాయి. ఎంత తగ్గించి చూసినా పదిహేడుకు కిందికి దిగలేదు. ఆక్షేపణ రాసి, ఆకుల లెక్క జతచేసి, చిక్కబళ్ళాపురం డీసీ కచేరిలో ముద్ర వేయించుకున్నాం.

ఆ తర్వాత వారానికి నేత్ర ఫోను చేసింది. "అక్కా, నాయనకు ఊపిరి అందడంలే. ఆటో తెచ్చినాము, ఎక్కనంటాండాడు. నువ్వన్నా వచ్చి చెప్పు."

నేను వెళ్ళేసరికి రామకృష్ణప్ప మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. పెదాలు నల్లబడ్డాయి.

"ఆస్పత్రికి పోదాము రాప్పా."

"పోను. పోతే ఆడ సస్తా. ఆ ఊరోళ్ళ పుస్తకంలో ఏసుకుంటారు." ఆగాడు. "నువ్వే చెప్తివి కదమ్మా. ఈ ఊరి పుస్తకంలో... నా పేరు పడల్ల."

"మీరు యాడున్నా మన లెక్కలో ఉంటారప్పా. దానికోసం మీరు ఇట్ల చెయ్యకూడదు. ఆక్సిజన్ పెడితే బతుకుతారు."

"ఎన్నాళ్ళు?"

నేత్ర ఆయన కాళ్ళు పట్టుకుంది, తిట్టింది, మళ్ళీ కాళ్ళు పట్టుకుంది. నలుగురు మగవాళ్ళు ఎత్తి ఆటోలో వేయబోతే ఆయన మంచం పట్టె వదల్లేదు. లాగితే ఉన్న ఊపిరి కూడా పోయేలా ఉంటే వదిలేశారు. నర్సు వచ్చింది, ఆమె దగ్గర సిలిండరు లేదు. మర్నాడు మధ్యాహ్నం బ్లాస్టు మోగి గోడలు అదిరిన కాసేపటికి ఆయన పోయాడు. పాల డైరీ దగ్గర ఆ రూలు చెప్పింది నేను. ఆయన దాన్ని తను చేయవలసిన పనిగా తీసుకున్నాడు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, జనానికి నిజం చెప్పబోయేముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నేను దీన్ని మోస్తూనే బతుకుతాను.

అక్కయమ్మ నీళ్ళు పోసింది. పాడె లేచింది కానీ మన్ను చేసే తావుకు పోలేదు. మునినారాయణ ముందు నడిచాడు, ఊరంతా వెనక నడిచింది, నేరుగా క్రషర్ గేటు దగ్గర దించారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ఇరవై టిప్పర్లు నిలిచిపోయాయి. గంటకు తహసీల్దారు వచ్చాడు, పోలీసులు వచ్చారు, కబురు పెట్టగా పంచాయతీ అధికారి పీడీఓ రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఓనరు రాలేదు, లాయరును పంపాడు.

పీడీఓ పేరు రాశాడు, ఊరు రాశాడు. కారణం దగ్గర "సహజ" అని మొదలుపెట్టాడు.

"నలభై ఆరేండ్లకు సహజమా సార్?" అంది నేత్ర. పీడీఓ పెన్ను ఆపాడు.

లాయరు మా ఆక్షేపణ నకలు చేతిలో ఊపుతూ ముందుకొచ్చాడు. నా వైపే చూశాడు. "ముప్పై ఐదు మందిని దుమ్ము చంపిందని రాశారు మేడమ్. సంతోషం. ఆ ముప్పై ఐదు మంది ఎవరు? ఒక్కరి పేరు చెప్పండి. ఇదిగో, ఈ శవం. ఇతను బీడీలు తాగేవాడు. దుమ్మే చంపిందని ప్రమాణం చేసి చెప్తారా?"

"చెప్పలేను," అన్నాను. అది నిజం. లెక్క ఊరి సంగతి చెప్తుంది, ఒక మనిషి సంగతి చెప్పదు. ఇన్ని చావులు అదనంగా వచ్చాయని తెలుస్తుంది గానీ అవి ఏవో తెలియదు.

"విన్నారు కదా సార్," అన్నాడు లాయరు తహసీల్దారుతో. నవ్వాడు కూడా. నేను తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయాను.

మునినారాయణ నా దగ్గరకు వచ్చాడు. "ఏమ్మా, ఆ ముప్పై ఐదు మంది ఈ అరవై ఏడులోనే ఉండారా?"

"ఉన్నారు."

"ఎవురో తెలీదు."

"తెలీదు."

"అంటే మా తమ్ముడైనా కావచ్చు, ఆ యమ్మ మొగుడైనా కావచ్చు."

"ఎవరైనా కావచ్చు."

ఆయన జనం వైపు తిరిగాడు. ఆయనకు మెల్లగా మాట్లాడటం రాదు, ఆ రోజు ఆ అవసరమూ రాలేదు. "ఇన్నారా. మావోడు బీడీతో పోయినాడు, మీవోడు తాగి పోయినాడు, మనకేల ఈ గలాటా అని ఇంగ ఎవురూ ఇంట్లో కూర్చునేకి లేదు. ఎవుర్ని సంపినాడో వానికే తెలీదంట. అట్లయితే అందుర్నీ అడుగుదాము. లాయరప్పా, రాసుకో. అరవై ఏడు మందీ. ఈయప్పతో అరవై ఎనిమిది."

మొదట లేచింది ఐదు ఆకులు వేసిన ఇంటామె. "మా ఇంటాయన చిక్కనరసప్ప. యాభై రెండేండ్లు. బెంగళూరులో పోయె." ఆమె కూర్చోకముందే ఇంకొకామె లేచింది. "నా కొడుకు మునిరాజు. పందొమ్మిది." ఆ పిల్లవాడి ఆకులోనే నూడుల్స్ చూశాను. పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. లాయరు నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరవయ్యో పేరుకు గేటు లోపల పని చేస్తున్నవాళ్ళు కంచె దగ్గరకు వచ్చి నిలబడ్డారు. కాసేపటికి లోపల ఎవరో బెల్టు ఆపేశారు. తల మీద టవలు కప్పుకున్న ఒకతను గేటు తెరుచుకుని బయటికొచ్చి, "మా నాయన గంగులప్ప" అన్నాడు. మొన్న నాకు తలుపు తీయని ఇంటివాడు. అతని వెనక తక్కినవాళ్ళు కూడా వచ్చేశారు.

పీడీఓ "సహజ" కొట్టేసి "ఊపిరాడక" అని రాశాడు. ఎందువల్ల ఆడలేదో రాయడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆ రిజిస్టర్లో ఆ మాట పడటం మాత్రం అదే మొదలు. లీజు సంతకం వాయిదా పడిందని, మళ్ళీ పరిశీలిస్తారని తహసీల్దారు చెప్పాడు. పూర్తిగా ఆపారని కాదు. మేమూ నమ్మలేదు.

రామకృష్ణప్పను మన్ను చేసి తిరిగొచ్చేసరికి పొలిమేరలో పోలీసు వ్యాన్లు మూడున్నాయి. ఇన్‌స్పెక్టరు చేతిలో తెల్లకాగితాలు.

"రోడ్డు కట్టేయమని చెప్పింది ఎవరు? ఆ పేర్లు చెప్పండి. తక్కినవాళ్ళు ఇళ్ళకు పోవచ్చు."

మునినారాయణ ముందుకు అడుగు వేయబోతే అక్కయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవురో చెప్పలేమప్పా," అంది. "మాలోనే ఉండారు. అందురి పేర్లూ రాసుకో."

ఇన్‌స్పెక్టరు బోనెట్ మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. మొదటి పేరు అక్కయమ్మ. రెండోది నేత్ర. చెప్పులకు ఇంకా తండ్రి గుంత మన్ను అంటుకుని ఉన్న పిల్ల, ఊరూ ఇంటిపేరూ అక్షరం అక్షరం చెప్పి రాయించింది. నాది నలభై ఒకటో పేరు. నన్ను వ్యాను ఎక్కిస్తుంటే వెనక్కి చూశాను. కాగితాలు అయిపోయి కానిస్టేబుల్ ఇంకొన్ని తేవడానికి బైకు మీద వెళ్ళాడు. వరస చివర ఎక్కడుందో నాకు కనబడలేదు.